నీళ్లలో కాన్పా, మంచం మీద కాన్పా? గుణుపురం నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీరు రాసిన వివరాలు ఇవి. అత్తవారిల్లు గుణుపురం, పుట్టిల్లు పర్లాకిమిడి, రెండూ ఒడిశాలోనే. తొలి కాన్పు, 33 వారాలు నడుస్తున్నాయి. బీపీ, షుగరు మామూలుగా ఉన్నాయి, బిడ్డ తల కిందికే ఉంది, హెచ్‌బి (రక్తంలో హిమోగ్లోబిన్) మాత్రం 9.4. వీడియోలు చూశాక నీళ్లలో కాన్పు మీద మనసు పోయింది. హైదరాబాద్ వెళ్లాలా, ఆన్‌లైన్‌లో దొరికే గాలి ఊదే తొట్టి తెప్పించుకుని పుట్టింట్లోనే కానాలా, అందరిలాగా బరంపురంలో మంచం మీద కానాలా అని అడిగారు. నీళ్లలో పుడితే బిడ్డ నీళ్లు మింగేస్తుందని అత్తగారి భయం అని కూడా రాశారు.

ముందు సూటిగా చెప్తాను. ఇంట్లో తొట్టి ఆలోచన ఇప్పుడే మానుకోండి. హైదరాబాద్ వెళ్లాలంటే కొన్ని షరతులు కలిసి రావాలి, అందులో మొదటిది మీ హెచ్‌బి. అవి కలవకపోతే బరంపురంలో గానీ మీకు దగ్గరలో ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆస్పత్రిలో గానీ కనడమే మంచిది. అక్కడ కన్నంత మాత్రాన మీరు కోరుకున్నదంతా పోదు.

ఇంకో సంగతి. నొప్పులు నీళ్లలో పడటం వేరు, బిడ్డను నీళ్లలో కనడం వేరు. వీడియోల్లో రెండూ ఒకటే అయినట్టు కనిపిస్తాయి. నొప్పుల సమయంలో గోరువెచ్చని నీళ్లలో కూర్చుంటే ఒంటి బరువు తేలికవుతుంది, నడుము కండరాలు వదులవుతాయి, భయం తగ్గుతుంది. 15 పరిశోధనలను, 3,600 మందికి పైగా తల్లులను కలిపి చూసిన 2018 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో, నీళ్లలో నొప్పులు పడినవాళ్లలో వెన్నులో మత్తు ఇంజక్షన్ అవసరమైనవాళ్లు కొంత తగ్గారు. సిజేరియన్లు మాత్రం తగ్గలేదు. బిడ్డ బయటికి వచ్చే ఘట్టం నీళ్లలో జరిగితే ఏమిటన్నదానికి ఆ సమీక్షలో గట్టి ఆధారం దొరకలేదు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2016లో చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంది. 37 వారాలు నిండి 42 లోపు ఉన్న, ఏ చిక్కూ లేని తల్లి నొప్పులు నీళ్లలో పడవచ్చు, కాన్పు మాత్రం బయటే జరగాలి అని.

ఆ తర్వాత బ్రిటన్‌లో పెద్ద అధ్యయనం జరిగింది. 2015 నుంచి 2022 దాకా 26 చోట్ల పూల్ (కాన్పు తొట్టి) వాడిన తల్లుల రికార్డులు చూసి 2024లో ఫలితాలు ప్రచురించారు. నీళ్లలోనే కన్నవాళ్లనూ, పూల్ వాడి బయటికి వచ్చి కన్నవాళ్లనూ పోల్చి చూస్తే, కాన్పులో తల్లి యోని దగ్గర పడే పెద్ద చిరుగుల విషయంలో గానీ, బిడ్డ ఆరోగ్యం విషయంలో గానీ నీళ్లలో కాన్పు వెనకబడలేదు. తొలి కాన్పులో పెద్ద చిరుగులు నీళ్లలో నూటికి 4.8, బయట 5.3. ఈ అంకెలు చూసి మన దగ్గరా అలాగే ఉంటుందనుకుంటే పొరపాటు. అక్కడ పూల్ పక్కన నిలబడేది అదే పనిలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చేసే నిపుణురాలు. ఏదైనా తేడా వస్తే ఆస్పత్రి మొత్తం ఆమె వెనకే ఉంటుంది. పైగా పూల్ నుంచి బయటికి వచ్చినవాళ్లలో కొందరు ఏదో ఇబ్బంది వచ్చే బయటికి వచ్చారు, కాబట్టి బయటి అంకెలు కాస్త ఎక్కువగా ఉండటంలో వింత లేదు. నీళ్లలో ఎక్కువగా జరిగినది ఒకటుంది, బొడ్డుతాడు తెగడం. దాని గురించి కింద చెప్తాను.

అత్తగారి భయానికి అర్థం లేకపోలేదు. కడుపులో ఉన్నంతసేపూ బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవమే ఉంటుంది, ప్రాణవాయువు బొడ్డుతాడు ద్వారా అందుతుంది. ముఖానికి చల్లగాలి తగిలినప్పుడు, ఒంటిని తాకినప్పుడు ఊపిరి మొదలవుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ వెచ్చని నీళ్లలోకి వచ్చిన ఆ కొద్ది క్షణాల్లో ఊపిరి పీల్చదు. అయితే నొప్పుల్లో ప్రాణవాయువు సరిగా అందక నలిగిపోయిన బిడ్డ నీళ్లలోనే ఒక్కసారి గట్టిగా పీల్చే ప్రమాదం ఉంది. అప్పుడు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాబట్టి నీళ్లలో కాన్పు భద్రత అంతా, బిడ్డ గుండె చప్పుడు ఎవరు వింటున్నారు, ఎంత తరచుగా వింటున్నారు, తేడా రాగానే తల్లిని తొట్టిలోంచి లేపుతున్నారా లేదా అన్నదాని మీదే ఆధారపడి ఉంది.

ఆ వినడం ఎలా ఉండాలంటే, నీళ్లలో పనిచేసే డాప్లర్ (బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రం) ఉండాలి. మొదటి దశలో 15 నిమిషాలకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి, నొప్పి తగ్గిన వెంటనే ఒక నిమిషం పాటు వినాలి. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉంటే సరే. అంతకు పెరిగినా, తగ్గినా, నొప్పి తర్వాత పడిపోయి తేరుకోకపోయినా, ఉమ్మనీరు పచ్చగా కనిపించినా, రక్తం పోయినా, తల్లికి జ్వరం వచ్చినా, కళ్లు తిరిగినా తొట్టి దిగాల్సిందే. అప్పుడు 'ఇంకో రెండు నొప్పులు చూద్దాం' అని ఆగకూడదు.

నీళ్ల వేడి 36 నుంచి 37 డిగ్రీల మధ్య ఉండాలి, 37.5 దాటకూడదు. గంటకోసారి థర్మామీటర్‌తో నీళ్లూ, తల్లి ఒళ్లూ రెండూ చూడాలి. చేత్తో తాకి 'బాగానే ఉంది' అంటే చాలదు. నీళ్లు వేడెక్కితే తల్లి ఒళ్లు వేడెక్కుతుంది, ఆ వెనకే బిడ్డ గుండె వేగం పెరుగుతుంది. అది జ్వరమా, నీళ్ల వేడా అన్నది తేల్చుకోవడానికే సమయం పోతుంది. తల్లి మధ్యమధ్య మంచినీళ్లో, మజ్జిగో తాగుతూ ఉండాలి. నీళ్ల లోతు ఆమె కూర్చుంటే పొట్ట పూర్తిగా మునిగి రొమ్ముల కింది దాకా రావాలి, అంతకు తక్కువైతే ఒళ్లు తేలదు, ఫలితమూ ఉండదు. నొప్పులు బలపడి గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక దిగితే మంచిది. మరీ ముందే దిగితే కొందరికి నొప్పులు నెమ్మదిస్తాయి. నిద్రమత్తు తెప్పించే నొప్పి ఇంజక్షన్ చేయించుకుంటే కనీసం 2 గంటలు తొట్టిలోకి దిగకూడదు. వెన్నులో మత్తు తీసుకుంటే నీళ్ల మాటే లేదు.

బిడ్డ వచ్చే క్షణంలో నియమాలు ఇంకా గట్టివి. తల పూర్తిగా నీళ్ల అడుగునే రావాలి. తల్లి నడుము పైకి లేచి బిడ్డ ముఖానికి ఒక్కసారి గాలి తగిలిందంటే, మళ్లీ నీళ్లలోకి కూర్చోకూడదు, మిగతా కాన్పు బయటే జరగాలి. ఒళ్లంతా వచ్చాక బిడ్డను ముఖం పైకి ఉండేలా వెంటనే, కానీ మెల్లగా పైకి తేవాలి. ఇక్కడే బొడ్డుతాడు తెగేది. లోతు నీళ్లలోంచి తల్లి రొమ్ము దాకా ఒక్క ఊపులో ఎత్తుతారు, తాడు పొట్టిదైతే టక్కున తెగుతుంది. నీళ్లలో అది కంటికి కనపడదు, బిడ్డ రక్తం నీళ్లలో కలిసిపోతుంది. అందుకే తాడు ఎంత పొడవుందో చేత్తో చూసుకుంటూ ఎత్తాలి, తాడును బిగించే క్లాంపులు రెండు చేతికి అందేలా విప్పి ఉంచుకోవాలి. పైకి వచ్చిన బిడ్డ తల తడిలేకుండా తుడిచి టోపీ పెట్టాలి. గది 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలి, ఫ్యాను, ఏసీ బిడ్డ మీదికి రాకూడదు. తడి ఒంటితో బిడ్డ చల్లబడటం చాలా త్వరగా జరుగుతుంది.

భుజాలు ఇరుక్కుంటే నీళ్లలో ఏమీ చేయలేం. తల్లిని వెంటనే నిలబెట్టి, ఒక కాలు తొట్టి అంచు మీదికి ఎత్తించాలి. అప్పటికీ రాకపోతే మంచం మీదికి. దీనికి కనీసం ముగ్గురు మనుషులు, జారని నేల, పక్కనే మంచం కావాలి. తల్లి స్పృహ తప్పితే తొట్టిలోంచి ఎలా తీస్తారో వాళ్లు ముందే సాధన చేసి ఉండాలి.

ఇక మాయ పడే దశ. మీ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. బిడ్డ పుట్టగానే తొడకు ఆక్సిటోసిన్ 10 యూనిట్ల ఇంజక్షన్ ఇచ్చి మాయను తీయడం మన దేశంలో పద్ధతి. అధిక రక్తస్రావాన్ని ఆపే మొదటి అడ్డుకట్ట అదే. దానికి తల్లి తొట్టి దిగి రావాలి. నీళ్లలోనే ఉంచి ఎదురుచూస్తే ఎంత రక్తం పోయిందో కొలవడం కష్టం, అరలీటరు పోయినా నీళ్లు ఎర్రబడినట్టే కనిపిస్తాయి తప్ప లెక్క తేలదు. హెచ్‌బి 12 ఉన్న ఆమె అరలీటరును తట్టుకుంటుంది. 9.4 ఉన్న మీకు అదే అరలీటరు పెద్ద నష్టం. దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 52.2 శాతం మందికి, రక్తం తక్కువ. వీడియోలో నవ్వుతూ బిడ్డను ఎత్తుకున్న ఆవిడ హెచ్‌బి ఎంతో మనకు కనిపించదు.

కాబట్టి ముందు ఆ పని చూసుకోండి. ఐరన్ మాత్ర రోజుకు రెండు వేసుకోవాలి, ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. టీతోనూ, పాలతోనూ వద్దు. కాల్షియం మాత్రకూ దీనికీ మధ్య కనీసం 2 గంటలు ఎడం ఉండాలి. నిమ్మకాయ నీళ్లతోనో, ఉసిరికాయతోనో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. మీ వారాలకు మాత్రల మీదే కూర్చోకుండా, నరానికి ఎక్కించే ఐరన్ గురించి డాక్టర్‌ను ఇప్పుడే అడగండి. ఫలితం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, 37లో మొదలుపెడితే లాభం అంతంతే. సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే పుట్టుజబ్బు) పరీక్ష చేయించారో లేదో రాయలేదు. కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల వైపు ఈ జబ్బు ఉంది. అది ఉంటే నీళ్ల కాన్పు ప్రస్తావనే వద్దు, పెద్దాస్పత్రి కావాలి. దోమలకాలంలో జ్వరం వస్తే మలేరియా పరీక్ష ఆలస్యం చేయకండి, ఒంట్లో ఉన్న కాస్త రక్తాన్నీ అది తినేస్తుంది.

ఇంట్లో తొట్టి ఎందుకు వద్దన్నానో ఇప్పుడు లెక్క చూడండి. సరిపడా లోతు రావాలంటే సుమారు 500 లీటర్లు కావాలి. బోరు నీళ్లు 25 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 37 డిగ్రీలకు తేవాలంటే 60 డిగ్రీల వేడినీళ్లు 170 లీటర్ల పైచిలుకు కలపాలి. 25 లీటర్ల గీజరైతే ఏడు విడతలు. రెండు కిలోవాట్ల గీజరు ఒక్కో విడతకు అరగంట తీసుకుంటుంది, అంటే మూడున్నర గంటలు, అదీ కరెంటు పోకుండా ఉంటే. ఆ లోపు ముందు పోసినవి చల్లారుతూ ఉంటాయి. చలికాలంలో నీళ్లు 20 డిగ్రీలైతే అయిదు గంటల పని. ఇదంతా నొప్పులు మొదలయ్యాక చేయాలి, ఎందుకంటే ముందురోజే నింపి వేడి పెట్టి ఉంచిన నీళ్లలో లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అమెరికాలోని టెక్సస్‌లో 2014లో, కాన్పుకు రెండు వారాల ముందు నింపి ఉంచిన పూల్‌లో పుట్టిన బిడ్డ ఈ జబ్బుతో చనిపోయింది. ఇంటి మీది ట్యాంకులో నెలల తరబడి కడగని నీళ్లకూ, పైపుల్లో నిలిచిన నీళ్లకూ ఇదే భయం. పైగా 500 లీటర్లంటే 500 కిలోలు, దాని మీద మనుషుల బరువు. మేడ మీది పాత గదిలో పెట్టే పని కాదు.

ఇవన్నీ ఎలాగోలా సర్దుకున్నా, రాత్రి రెండింటికి రక్తం ఆగకపోతే పర్లాకిమిడి నుంచి రక్తనిధి, మత్తు డాక్టరు, థియేటరు మూడూ ఉన్న చోటికి ఎంతసేపట్లో చేరతారు? బరంపురం దాకా గంటల ప్రయాణం. శ్రీకాకుళం దగ్గరే, కానీ అది వేరే రాష్ట్రం, అంబులెన్స్ సరిహద్దు దాటుతుందా అన్నది ఆ రాత్రి తేల్చుకునే ప్రశ్న కాదు. 108 వాళ్లనూ, గర్భిణుల కోసం నడిచే 102 వాళ్లనూ, మీ ఆశా దీదీనీ ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

హైదరాబాద్ మాటకొస్తే, అక్కడ మిడ్‌వైఫ్‌లు నడిపే కాన్పు గదులూ, పూల్ సౌకర్యమూ ఉన్న ప్రైవేట్ ఆస్పత్రులు ఉన్నాయి. మీరు వెళ్లాలంటే 36 వారాల పరీక్షలో హెచ్‌బి 11 దగ్గరికి రావాలి, బీపీ మామూలుగా ఉండాలి, బిడ్డ ఒక్కటే అయి తల కిందికే ఉండాలి, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి లేవని తేలాలి. నొప్పులు వచ్చాక బయల్దేరడం కాదు, 37వ వారంలోనే వెళ్లి అక్కడ మకాం పెట్టాలి. ఇంటి అద్దె, తోడుగా ఉండే అమ్మ, సెలవులు, ఖర్చు అన్నీ లెక్కేసుకోండి. ఇవేవీ కుదరకపోతే మీరు ఓడిపోయినట్టు కాదమ్మా, అలా అనుకోకండి.

ఆస్పత్రికి ఫోన్ చేసినప్పుడు 'మీ దగ్గర వాటర్ బర్త్ ఉందా' అని అడిగితే 'ఉంది' అనే చెప్తారు. నిరుడు నీళ్లలో ఎన్ని కాన్పులు జరిగాయి, ఎందరిని మధ్యలో బయటికి తెచ్చారు అని అడగండి. అర్ధరాత్రి, ఆదివారం కూడా ఆ శిక్షణ ఉన్నవాళ్లు ఉంటారా? పూల్ దగ్గర తల్లిని ఒంటరిగా వదలకుండా ఒకరు ఉంటారా? కాన్పుకూ కాన్పుకూ మధ్య తొట్టిని దేనితో కడుగుతారు, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, ల్యాబ్‌లో పరీక్షిస్తారా? సిజేరియన్ నిర్ణయం అయ్యాక ఎన్ని నిమిషాల్లో చేస్తారు, నవజాత శిశువుల ఐసీయూ అదే భవనంలో ఉందా? రెండో ప్రశ్నకే సమాధానం తడబడితే ఇంకో ఆస్పత్రి చూసుకోండి. మధ్యలో ఒక్కరినీ బయటికి తేలేదని గర్వంగా చెప్పే చోటుకు అసలు వెళ్లకండి.

బరంపురంలోనో, రాయగడ జిల్లా ఆస్పత్రిలోనో కాన్పు చేయించుకుంటే మీకు దొరికేవి తక్కువేమీ కాదు. ప్రభుత్వ ఆస్పత్రిలో 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష పథకం కింద కాన్పు, సిజేరియన్ అయినా సరే, మందులు, రక్తం, రాకపోకలు ఉచితం. దూరపు ఊళ్లవాళ్లు కాన్పుకు కొన్ని రోజుల ముందే వచ్చి ఉండటానికి ఒడిశాలో కొన్ని ఆస్పత్రుల దగ్గర 'మా గృహ' ఉంది, మీ ఆశా దీదీని అడగండి. లేబర్ రూములో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం చెప్పింది. అమ్మ ఉంటారా, అత్తగారు ఉంటారా ముందే తేల్చుకుని సిస్టర్‌కు చెప్పండి.

వేడినీళ్ల సుఖం మంచం మీది కాన్పులో కూడా దొరుకుతుంది. నొప్పులు బలపడ్డాక, డాక్టర్ సరేనంటే, స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, కాళ్లు ఎడంగా పెట్టి ముందుకు వాలి కూర్చోండి. తోడున్నామె నడుము మీద, పిరుదుల పై ఎముక మీద చెంబుతో గోరువెచ్చని నీళ్లు ఆపకుండా పోయాలి. ఒక్కో నొప్పికి పోస్తూ 20, 30 నిమిషాలు చేస్తే చాలామందికి ఎంతో ఉపశమనం. తలుపు గడియ పెట్టకూడదు, నేల మీద జారకుండా గోనెపట్టా వేయాలి. మధ్యలో సిస్టర్ వచ్చి గుండె చప్పుడు వినాలి. వెల్లకిలా పడుకోవద్దు. నడవండి, మంచం పట్టుకుని వంగండి, పక్కకు తిరిగి పడుకోండి, మోకాళ్ల మీద, చేతుల మీద ఉండండి. తల కనపడే దశలో శుభ్రమైన గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి, ముందు మణికట్టు మీద చూసుకుని, కింది భాగానికి ఆనించి ఉంచమని సిస్టర్‌ను అడగండి. పెద్ద చిరుగులు తగ్గుతాయని పరిశోధనల్లో తేలిన పని ఇది, ఖర్చు ఏమీ లేదు. తల వస్తున్నప్పుడు గట్టిగా ముక్కకుండా, నోరు తెరిచి చిన్నగా ఊదుతూ వదిలితే ఇంకా మంచిది. బిడ్డ పుట్టగానే రొమ్ము మీద పడుకోబెట్టమని, తాడు వెంటనే కోయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగమని ముందే చెప్పి ఉంచండి. రక్తం తక్కువున్న తల్లి బిడ్డకు ఆ కాస్త రక్తం చాలా ముఖ్యం.

ఎక్కడ కన్నా సరే, కాగితాలు సిద్ధం చేసుకోండి. మీ కార్డు ఒడియాలో ఉంటుంది, సరిహద్దు దాటితే శ్రీకాకుళంలోనో, హైదరాబాద్‌లోనో చదివేవాళ్లు దొరకకపోవచ్చు. రక్తం గ్రూపు, హెచ్‌బి తేదీలతో సహా, స్కానింగ్ రిపోర్టులు, వేసుకుంటున్న మందులు ఒక కాగితం మీద ఇంగ్లిష్ అంకెలతో రాయించి, రెండు ప్రతులు తీయించండి. ఒకటి మీ దగ్గర, ఇంకోటి అమ్మ దగ్గర. మీ గ్రూపు రక్తం ఇవ్వగల ఇద్దరి పేర్లూ, ఫోన్ నంబర్లూ దాని వెనకే రాయండి. 36 వారాల హెచ్‌బి రాగానే ఇక్కడ పెట్టండి, అప్పుడు హైదరాబాద్ సంగతి తేల్చుకుందాం. ఈ లోపు బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, కళ్లు మసకబారి తలనొప్పి వచ్చినా ఇక్కడ రాసి జవాబు కోసం చూడకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.